చందమామను దగ్గరగా చూసే హక్కు మనకూ ఉంది



చదువు గురించి, క్రమశిక్షణ గురించి ఈ సంచికలో చాలామంది రాస్తారు. మేము చందమామ గురించి రాయాలనుకున్నాము. ఇదేం విషయమని నవ్వకుండా చివరిదాకా చదవండి.

మేము నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళం. మాలో సగం మంది ఆళ్లగడ్డ వైపు పల్లెల నుంచి ట్రంకు పెట్టెతో వచ్చినవాళ్ళు. ఎండాకాలం ఉక్కపోతకు మిద్దె మీద చాపలు పరుచుకుంటే, నిద్ర పట్టేదాకా ఆకాశమే మాకు సినిమా. చంద్రునిలో మచ్చ కుందేలని ఒకడు, కాదు ముసలమ్మ అని ఇంకొకడు వాదించుకునేవాళ్ళం. మేము చదివిన ఒక బడిలో టెలిస్కోపు ఉండేది. కానీ అది బీరువాలోనే ఉండేది. "మీరు ముట్టుకుంటే పాడైపోతుంది" అనేవారు. మా పదవ తరగతి అయిపోయింది గానీ ఆ బీరువా తాళం మాత్రం తీయలేదు.

ఆ కోరిక తీరక, ఈమధ్య కొందరం తలా కొంత వేసుకుని 70 మిల్లీమీటర్ల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు కొన్నాము. ఒక మామూలు సెల్‌ఫోను ధరే అయింది. ఆత్రంగా పౌర్ణమి రోజే మిద్దెక్కాము. తీరా చూస్తే మచ్చలు పడ్డ జొన్నరొట్టె మాదిరి చదునుగా ఉంది, కళ్ళు జిగేల్‌మన్నాయి. బాగా పెద్దదిగా చూపే కంటి అద్దం పెట్టామా, స్టాండు ఊగింది, చంద్రుడు పక్కకు జారిపోయాడు. మోసపోయామనుకున్నాము.

తప్పు టెలిస్కోపుది కాదు, మాది. పౌర్ణమినాడు సూర్యుని వెలుగు చంద్రుని మీద ఎదురుగా పడుతుంది కాబట్టి నీడలుండవు. నీడ లేకపోతే గుంత, గుట్ట తెలియవు. శుద్ధ అష్టమి ప్రాంతంలో వెలుగు పక్క నుంచి పడుతుంది. అప్పుడు వెలుగు, చీకటి కలిసే గీత వెంబడి చూడాలి. మొదట 25 మి.మీ. కంటి అద్దం పెట్టాలి. గొట్టం నాభ్యంతరం 700 మి.మీ. అయితే 28 రెట్లు పెద్దదిగా, నిండు చంద్రుడు కనిపిస్తాడు. తర్వాతే 10 మి.మీ. పెట్టి 70 రెట్లకు పోవాలి. చంద్రుడు జారిపోవడానికి ముఖ్య కారణం మన భూమి తిరగడమే. బొమ్మ తల్లకిందులుగానో, కుడి ఎడమలు మారో కనిపిస్తే భయపడకండి, అది చెడిపోయినట్టు కాదు. ఒక్క హెచ్చరిక: టెలిస్కోపును పొరపాటున కూడా సూర్యుని వైపు తిప్పవద్దు, కళ్ళు పోతాయి.

అష్టమినాడు హాస్టల్ పిల్లలకు చూపించాము. ఆళ్లగడ్డ పిల్లవాడొకడు, వాళ్ళ నాయన శిల్పాల షెడ్డులో కూలి, చాలాసేపు చూసి, "అన్నా, మా నాయనోళ్ళు కూడా చెక్కుడు సరిగా పడిందో లేదో పక్కనుంచి లైటేసే చూస్తారు" అన్నాడు. మాకు పుస్తకం చెప్పింది వానికి ఇల్లు చెప్పింది. దశమినాడు వాడే కోపర్నికస్ బిలాన్ని వెతికి పట్టాడు. దాని వెడల్పు సుమారు 93 కిలోమీటర్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయి తిరిగి వచ్చినా ఇంకా దూరం మిగులుతుందన్నమాట!

మన తెలుగునేల మీద టెలిస్కోపులు కొత్త కాదు. 1840లోనే విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు గారు సొంత వేధశాల కట్టుకున్నారు. హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ ప్రారంభించినదే నిజామియా వేధశాల. వారి కృషి గొప్పదే. కానీ అవి జమీందారులకు, నవాబులకు అందిన అద్దాలు. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గర దిగినప్పుడు హాస్టల్ టీవీ ముందు చప్పట్లు కొట్టిన పిల్లలకు ఆ చంద్రుణ్ణి కంటితో దగ్గరగా చూసే అవకాశం ఎందుకు ఉండకూడదు?

"కుళాయిలు, బాత్‌రూములు సరిగా లేనిచోట టెలిస్కోపు ఎందుకు?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అవి ప్రభుత్వం ఇచ్చి తీరాల్సినవి, గట్టిగా అడుగుదాం. కానీ అవి వచ్చేదాకా పేదపిల్లలు ఆకాశం వైపు చూడకూడదనే నియమం ఏమీ లేదు కదా.

అందుకే మా విన్నపం. పూర్వ విద్యార్థులారా, ఈసారి శాలువాలు, మెమెంటోల ఖర్చు తగ్గించి హాస్టల్‌కొక టెలిస్కోపు ఇద్దాం. వార్డెన్ సార్లూ, మేడమ్‌లూ, దాన్ని బీరువాలో పెట్టకండి, పిల్లల చేతికే బాధ్యత ఇవ్వండి. అష్టమి చంద్రుడు సాయంత్రానికే నడినెత్తిన ఉంటాడు కాబట్టి భోజనాలయ్యాక ఒక్క అరగంట చాలు. మిద్దె ఎక్కనివ్వని ఆడపిల్లల హాస్టళ్ళలో ఆ అరగంట ఇంకా ముఖ్యం.

మన తాతలు గుడి దగ్గర, బావి దగ్గర దూరంగా నిలబడ్డారు. వాళ్ళ మనవలకు ఎంతో దూరాన్ని దగ్గర చేసే అద్దం దొరికింది. దానికి మళ్ళీ తాళం వేయొద్దు. వచ్చే అష్టమికి మిద్దె మీద కలుద్దాం.