పన్ను పీకేముందు ఒక్క ప్రశ్న అడగండి బాబూ

మా పెద్దమ్మది అర్ధవీడు. మొన్న ఫోన్లో "కరెంటు కొట్టినట్టుంటాది నాయనా, మొగం కడుక్కోవాలంటేనే బయమేస్తాది" అంది. అప్పటికే మూడు పళ్లు పీకించుకుంది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. లాగ్ చూడకుండా మాడ్యూల్స్ ఒక్కొక్కటీ డిలీట్ చేసుకుంటూ పోతే మన టీమ్ లీడ్ ఊరుకుంటాడా?

దీని పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. తప్పు పంటిది కాదు, ముఖానికి స్పర్శ తెలిపే నరానిది. చాలామందిలో పుర్రె లోపల ఒక రక్తనాళం ఆ నరాన్ని నొక్కుతుంటుంది. గాలి సోకినా, బ్రష్ తగిలినా మెరుపులా పొడుస్తుంది. సల్మాన్ ఖాన్ 2011లో అమెరికా వెళ్లి ఆపరేషన్ చేయించుకుంది దీనికే. ఆ పేరు అర్ధవీడు దాకా రాలేదు, అంతే.

మొదటి మందు కార్బమజెపైన్, మూర్ఛకి వాడే పాత బిళ్ల. అది పడనివాళ్లకి ఉన్న దారుల్లో ఒకటి నరానికి సూది. చెంపలోంచి పోనిచ్చి, పుర్రె అడుగున ఉన్న ఫోరామెన్ ఒవేల్ అనే చిన్న రంధ్రం దాకా ఎక్స్‌రేలో చూసుకుంటూ తీసుకెళ్తారు. మింగితే గొంతులోంచి చెవిదాకా పొడిచే నొప్పి ఇంకోటుంది, దాని నరం వేరు. ఆ నరం పక్కనే మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని. అక్కడ అంచనాగా గుచ్చితే ఇంకేమన్నా ఉందా? అందుకే అల్ట్రాసౌండో, ఎక్స్‌రేనో, సీటీనో చూస్తూ వేయాలి.

ఇక నా గొడవ. ఇదంతా "హైదరాబాదు వైద్యం" ఎందుకయింది? విరిగిన తుంటికి రాడ్ వేసేటప్పుడు వాడే సి-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రమే ఈ ముఖం సూదికీ వాడతారు. లేనిది శిక్షణ ఉన్న మనిషి. మత్తు డాక్టర్లే ఈ పని నేర్చుకుని నొప్పి వైద్యులవుతున్నారు కదా, జిల్లా ఆసుపత్రికొకరిని తయారు చేయలేమా? యంత్రాలకి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, శిక్షణకి ఉండదు. అదీ సంగతి.

అలాగని "ఒక్క సూదితో శాశ్వత విముక్తి" అనే ప్రకటనలూ నమ్మకండి. మామూలు బ్లాక్ కొందరికి గంటలే, కొందరికి నెలలు. రేడియో ఫ్రీక్వెన్సీతో నరాన్ని వేడిచేస్తే ఇంకొంత ఎక్కువకాలం ఉంటుంది, కానీ ముఖం తిమ్మిరెక్కొచ్చు, నొప్పి తిరిగి రావొచ్చు. ముందు ఎమ్మారై తీసి కారణం చూడాలి. ఇవి చెప్పకుండా బిల్లు వేసేవాడికీ, అడక్కుండా పన్ను పీకినవాడికీ నాకైతే పెద్ద తేడా కనపడదు.

పెద్దమ్మకి బిళ్లతో కళ్లు తిరుగుతున్నాయి. వచ్చేవారం కంభంలో రైలెక్కించి తీసుకొస్తున్నా. కిటికీ పక్క సీటు మాత్రం వద్దంది, గాలి తగుల్తుందని.