ఆయిల్ మార్పు... ఇంట్లోనా, మెకానిక్ దగ్గరా?

ఆదివారం బైకు కడుక్కునేవాళ్లలో కొందరు ఇంజిన్ ఆయిల్ కూడా తామే మార్చేస్తుంటారు, మెకానిక్ కూలి మిగులుతుంది కదా అని. పని చిన్నదే. బండిని కాసేపు నడిపి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా సెంటర్ స్టాండ్ వేసి కింది బోల్టు విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. బోల్టు బిగించి కొత్తది పోయడమే. వంద సీసీ బండికి లీటరు డబ్బా సరిపోతుంది.

తేడా వచ్చేది చిన్న విషయాల్లోనే. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉందో లేదో చూసుకోవాలి. బోల్టును బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం కేసింగ్ త్రెడ్లు పోతాయి. అప్పుడు మిగిలిన కూలి ఏ మూలకూ రాదు.

అసలు చిక్కు పాత ఆయిల్‌తోనే. కాల్వలో పారబోస్తే నీరూ నేలా పాడవుతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీసు సెంటర్‌కి ఇవ్వాలి. ఆ వీలు లేనివాళ్లకు మెకానిక్కే మేలు. అయితే బండి వదిలేసి రాకుండా, డబ్బా సీలు కళ్లెదుటే తీయించి పోయించుకోవాలి.