నూరేళ్ళు దాటినవారు ఎప్పుడు వార్త అవుతారు?

పోలింగ్ రోజున ప్రతి వార్తా విభాగమూ ఎదురుచూసే ఛాయాచిత్రం ఒకటి ఉంటుంది. నూరేళ్ళు దాటిన ఓటరు మనుమడి చేయి ఊతంగా వచ్చి, సిరా గుర్తున్న వేలు చూపే చిత్రం అది. 2024 సార్వత్రిక ఎన్నికల్లో సూరత్ లోక్‌సభ నియోజకవర్గం నుంచి అటువంటి చిత్రం రాలేదు. అక్కడ వృద్ధులు లేక కాదు, అసలు పోలింగే జరగలేదు. ప్రతిపాదకుల సంతకాలపై వివాదంతో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది. బరిలో ఉన్న ఇతరులు తప్పుకున్నారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ఏప్రిల్ 22న ప్రకటన వెలువడింది.

అయితే ఇది నగరమంతటికీ వర్తించలేదు. మరమగ్గాలపై బతుకుతెరువు వెదుక్కుంటూ తెలంగాణ నుంచి తరలివెళ్ళిన నేత కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన లింబాయత్, దాని సమీపంలోని ఉధనా శాసనసభ స్థానాలు నవసారి లోక్‌సభ పరిధిలోకి వస్తాయి. అక్కడ మే 7న పోలింగ్ జరిగింది. ఒకే నగరంలో ఒక పేటలోని వృద్ధునికి ఓటు వేసే రోజు వచ్చింది, మరో పేటలోని వృద్ధునికి రాలేదు. ఆ వయసులో మరో అయిదేళ్ళు ఆగడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అభ్యర్థుల వివాదంపై విస్తృతంగా చర్చ జరిగింది కానీ, ఈ కోణం దాదాపుగా ఎవరికీ పట్టలేదు.

ఆ ఎన్నికల షెడ్యూలు ప్రకటించిన రోజున ఎన్నికల సంఘం చెప్పిన లెక్క ప్రకారం, దేశంలో 85 ఏళ్ళు దాటిన ఓటర్లు 82 లక్షల మంది. వారికి ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించారు. నూరేళ్ళు దాటినవారు 2 లక్షల 18 వేల మంది. అంతకు పదమూడేళ్ళ ముందు, 2011 జనగణనలో శతాధిక వృద్ధుల సంఖ్య ఆరు లక్షలకు పైగా నమోదైంది. ఇంత వ్యత్యాసానికి మరణాలొక్కటే కారణమని నమ్మడం కష్టం. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు పల్లెల్లో పుట్టిన అనేకుల వయసుకు జ్ఞాపకమే ఆధారం. 1948 పోలీసు చర్య నాటికి తాను తల్లి చంకలో ఉన్నానో, అప్పటికే పెళ్ళయిందో చెప్పగలిగితే తెలంగాణ పల్లె నుంచి వచ్చిన వృద్ధుల వయసు కొంతవరకు తేలుతుంది. ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోలేమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో స్పష్టం చేసింది.

రికార్డులు పక్కాగా ఉంటాయని పేరున్న జపాన్ సైతం 2010లో ఇబ్బంది పడింది. టోక్యోలో 111 ఏళ్ళవాడిగా నమోదైన వ్యక్తి దాదాపు మూడు దశాబ్దాల క్రితమే మరణించినట్లు బయటపడింది. తరువాత ఆరా తీస్తే, కాగితాల్లో మాత్రమే జీవించి ఉన్న శతాధికులు రెండు లక్షలకు పైగా తేలారు. ఇది కూడా వృద్ధాప్యం గురించిన వార్తే. దీన్ని వెలికితీయడానికి ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టవలసి వచ్చింది.

మన వార్తల్లో అటువంటి వాకబు అరుదు. ఏం తింటారు, ఎన్ని గంటలకు లేస్తారు, దీర్ఘాయువు రహస్యమేమిటి అన్న మూడు ప్రశ్నలతో పని ముగుస్తుంది. నిండు నూరేళ్ళు వర్ధిల్లమని దీవించే తెలుగులోనే, నూరేళ్ళు నిండాయంటే ఆయువు తీరిందని అర్థం. వార్తల తీరు కూడా అలాగే ఉంది, ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. మారథాన్ పరుగువీరుడు ఫౌజా సింగ్ విషయంలోనూ లోకం వయసే లెక్కపెట్టింది. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ సంస్థ ఆయన రికార్డును గుర్తించలేదు. 114 ఏళ్ళని చెప్పే ఆ పెద్దాయన 2025 జులైలో, పంజాబ్‌లోని స్వగ్రామం వద్ద రోడ్డు దాటుతుండగా కారు ఢీకొని మరణించారు. ఊరి పక్క రహదారిని ఒక వృద్ధుడు క్షేమంగా దాటలేకపోవడం పరుగు రికార్డు కన్నా చిన్న వార్త కాదు.

వయసుకు ప్రభుత్వం కట్టే విలువ కూడా అందరికీ ఒకటి కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగా విరమణ పొందినవారికి 80వ ఏట మూల పింఛనుపై 20 శాతం అదనంగా లభిస్తుంది. అది క్రమంగా పెరిగి, నూరేళ్ళకు నూరు శాతం అవుతుంది. అంటే మూల పింఛను రెట్టింపు. మరమగ్గాల షెడ్డులో జీవితమంతా గడిపిన పేద కార్మికునికి వర్తించేది ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను. అందులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ళ వరకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500 రూపాయలు. ఆపై 90 వచ్చినా, 100 వచ్చినా కేంద్రం ఇచ్చేది అంతే. రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి కానీ, నివాస ధ్రువీకరణ అడుగుతాయి. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, నలభై ఏళ్ళ బతుకు మరో రాష్ట్రంలో ఉన్న కుటుంబంలో తాతగారి కార్డు ఏ చిరునామాపై ఉందన్నది, ఆయన ఉదయాన్నే ఏం తింటారన్న ప్రశ్న కన్నా ముందు అడగవలసిన ప్రశ్న. సూరత్‌లో లింబాయత్ వరకు వెళ్ళే విలేకరికి దాని జవాబు పది నిమిషాల్లో దొరుకుతుంది.