సూదిమొన - స్వజాతిగర్వము

అశోకనగరు, దోమలగూడ వీథులలో పరీక్షలకై చదువు యువకులకు తలనొప్పి నిత్యసహచరి. చిక్కడపల్లి గ్రంథాలయమున గంటలకొలది చదివి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న కండను నొక్కుకొనువారు కొందఱు గలరు. చీనావైద్యులు ఆ స్థానమును హెగూ యందురు. కలిసిన లోయ యని యర్థము. తలనొప్పికిని పంటినొప్పికిని వారచ్చట సూది గ్రుచ్చుదురు. నొక్కుకొనుటలో మాకు దోషము తోపదు. గర్భిణులకు మాత్రమది నిషిద్ధమని ఆ వైద్యమే చెప్పుచున్నది. చేతిఫోనులలో ఉపదేశించు మహానుభావులు ఈ మాట మఱువకుందురుగాక!

మాకు కష్టము తోచినది వేఱొకటి. "ఇది మన సుశ్రుతుని క్షిప్రమర్మమే, చీనావారు మననుండి గ్రహించిరి" అనువారికి మనలో చప్పట్లు సులభముగ లభించుచున్నవి. స్థాన మొక్కటియే, నిజము. కాని గ్రంథము తెఱచి చూచినవారెందఱు? శారీరస్థానమున 107 మర్మములను లెక్కించిన సుశ్రుతుడు, క్షిప్రము దెబ్బతిన్నవాడు ఈడ్పులతో మరణించుననెను. ప్రాణము నిలుపుటకై మణికట్టుకడ చేతినే ఖండింపవలెనని విధించెను! మనవానికి అది తాకరాని చోటు, చీనావానికి చికిత్సాద్వారము. ఇరువురు ఒకే గట్టున నిలిచిరన్నంతమాత్రమున దొంగతనము రుజువగునని యే న్యాయస్థానమును తీర్పు చెప్పదు.

గర్వింపదగిన చరిత్ర మనకు లేకపోలేదు. 1938లో కాంగ్రెసు చీనాకు పంపిన అయిదుగురు వైద్యులలో కోట్నీసు, మన పద్మశాలీలు వేలకొలదిగ నివసించు షోలాపురమువాడు. 1942లో అచ్చటనే అసువులు బాసెను. ఆయన సహచరుడు విజయకుమార బసు పిమ్మట చీనాలో ఈ విద్య నభ్యసించి, 1959లో కలకత్తాకు తెచ్చెను. పుచ్చుకొన్నదానిని పుచ్చుకొంటిమని చెప్పుటకు సిగ్గేల?

ఇక గుణమా? పార్శ్వపునొప్పికి ఈ సూదులు కొంత మేలుచేయునని 2016 నాటి కాక్రేను సమీక్ష తేల్చినది. ఉత్తుత్తి సూదులకంటె ఆ మేలు స్వల్పమే యనియు చెప్పినది. ఇది ఒక చికిత్సాక్రమమును గూర్చిన మాట. చేతిని ఒకమాఱు నొక్కుటకు వర్తింపదు.

వంగరాష్ట్రము 1996లోనే ఈ వైద్యమునకు చట్టము చేసినది. కేంద్రప్రభుత్వము 2019లో దీనిని స్వతంత్రచికిత్సగ గుర్తించినది. మన శాసనసభ్యులు ప్రాచీనప్రశస్తిని గూర్చిన ఉపన్యాసములను కొంత తగ్గించి, సూది పట్టువాడు ఎచ్చట నేర్చెను, ఒకరికి గ్రుచ్చిన సూదిని మఱియొకరికి గ్రుచ్చుచున్నాడా, అపాయము కలిగిన రోగి యెవరికి మొఱపెట్టుకొనవలెను - ఈ మూటిని విచారింతురని కోరుచున్నాము.