మధ్యమానికి మార్కులెన్ని?

కంప్యూటరు ఆటలకు సైతం విమర్శకులు ఉన్నారనే సంగతి సాహిత్యాభిమానులలో పలువురికి వింతగా తోచవచ్చును. ఉన్నారు, వారి లోకం చిన్నదేమీ కాదు. జపానులో 1986లో పుట్టిన ‘ఫమిత్సు’ పత్రిక నలుగురు సమీక్షకుల చేత ఒక్కొక్క ఆటకు తలా 10 మార్కులు వేయించి, 40కి ఎన్ని వచ్చినవో ప్రకటించే పద్ధతిని స్థిరపరచినది. ఇంగ్లండులో 1993లో వెలువడిన ‘ఎడ్జ్’ పత్రిక పదికి పది వేయడంలో మిక్కిలి లోభి అని పేరు తెచ్చుకొన్నది. అమెరికాలో 2001లో మొదలైన ‘మెటాక్రిటిక్’ సంస్థ ఇటువంటి తీర్పులను పోగుచేసి, సగటు కట్టి, 100కి ఒక అంకె చెపుతుంది. ఏ పత్రిక మాటకు ఎంత బరువు ఇస్తున్నదో మాత్రం బయటపెట్టదు. ఫలానా ఆట ఎట్లా ఉన్నదని అడిగితే నేడు వినవచ్చే జవాబు వాక్యం కాదు, ఆ అంకె.

90 దాటిన ఆటలతో చిక్కు లేదు. వాటిని కీర్తించడానికి అందరికీ మాటలు దొరుకుతవి. 40కి దిగువన పడినవాటితోనూ లేదు. తిట్టడానికి మాటలు ఇంకా త్వరగా దొరుకుతవి. చిక్కంతా నడుమనున్నవాటితోనే. నవలలైనా నాటకాలైనా ఆటలైనా, తయారయ్యేవాటిలో అధికభాగం ఈ నడిమి రాశే. విమర్శకుని అవసరం నిజంగా ఉన్నది అక్కడనే. ఆటల విమర్శ చేతులెత్తివేసినది కూడా అక్కడనే.

మెటాక్రిటిక్ పెట్టుకొన్న హద్దులు చూడదగినవి. చలనచిత్రానికి 61 వస్తే ఆకుపచ్చ రంగు. ఆటకు 75 వస్తే గాని ఆ రంగు దక్కదు. 65 వచ్చిన చిత్రం ‘మెచ్చుకోలు’ పొందినట్లు, 65 వచ్చిన ఆట పసుపుపచ్చ పూసుకొని సందిగ్ధంలో పడినట్లు. పసుపు మనకు మంగళకరం. ఆ వీథిలో కాదు. మన పరీక్షలలో 35 వచ్చినవాడు గట్టెక్కుతాడు, 60 వచ్చినవాడు ప్రథమశ్రేణి అనిపించుకొంటాడు. ఆటల లోకంలో 68 తెచ్చుకొన్నవాడు తలవంచుకొని ఇంటికి పోవలసినదే. 10కి 7 అంటే ‘బాగానే ఉన్నది’ అని విమర్శకుడు వ్రాసినా, ‘వద్దులే’ అని పాఠకుడు చదువుకొంటున్నాడు. 5 అనే అంకె పదికి సగమన్న సంగతినే ఉభయులూ మరచిపోయినారు.

ఇందులో కొనుగోలుదారుని తప్పు పట్టడానికి వీలు లేదు. పెద్ద ఆట వెల అమెరికాలో 60, 70 డాలర్లు. అంత సొమ్ము పెట్టేవాడు తేటతెల్లమైన మాట కోరడం సహజం. విమర్శకునికి గల ఒత్తిళ్లు వేరు. 2007 నవంబరులో ‘గేమ్‌స్పాట్’లో వ్రాసే జెఫ్ గెర్‌స్ట్‌మన్ ‘కేన్ అండ్ లించ్’ అనే ఆటకు 10కి 6 ఇచ్చాడు. అప్పటికి ఆ పత్రిక నిండా ఆ ఆట ప్రకటనలే. కొద్ది రోజులలో అతని ఉద్యోగం పోయినది. రెండింటికీ సంబంధం లేదని సంస్థ నాడు చెప్పినది. 2012లో నోరు విప్పే స్వేచ్ఛ కలిగినప్పుడు, ప్రకటనదారుల ఒత్తిడికి యాజమాన్యం లొంగినదని గెర్‌స్ట్‌మన్ వివరించాడు. ఇక్కడ గమనింపవలసినది ఒకటున్నది. అతడు ఆ ఆటను చీల్చి చెండాడలేదు. ఒక మోస్తరుగా ఉన్నదన్నాడు. ఆ మాటకే అంత వెల చెల్లించవలసి వచ్చినది.

నిర్మాతల పాట్లు మరొకరకం. ‘ఫాలౌట్: న్యూ వేగస్’ అనే ఆట 2010లో వెలువడినది. నిర్మించిన అబ్సిడియన్ సంస్థకు రాయల్టీ లేదు. మెటాక్రిటిక్‌లో 85 వస్తే మాత్రం బోనసు అని ఒప్పందం. వచ్చినది 84. ఈ సంగతిని ఆ ఆట రూపకల్పనలో పాలుగొన్న క్రిస్ అవెలోన్ 2012లో బహిరంగంగా చెప్పాడు. విడుదలనాడు ఆ ఆట దోషాలతో ఉన్నమాట నిజం. నడుస్తూ నడుస్తూ నిలిచిపోయేదని సమీక్షకులు వ్రాసినది అబద్ధం కాదు. కాని 84కు, 85కు నడుమ గీత గీసినవారెవరు? ఏ ఒక్క విమర్శకుడూ గీయలేదు. ఎవరికివారు తమకు తోచినది వ్రాసి పోయినారు. లెక్క కట్టిన యంత్రం ఒకరి నోటి ముద్ద లాగివేసినది. నేడు ఆ తరహా ఆటలలో మేటి కథాసంవిధానం గలదిగా దానిని పేర్కొనేవారు పెక్కుమంది.

సగటు అనేది ఎంత వంచన చేయగలదో తెలియాలంటే అదే సంవత్సరం అమెరికాలో వెలువడిన ‘డెడ్లీ ప్రెమొనిషన్’ అనే జపాను ఆటను చూడవలెను. అమెరికా పల్లెపట్టున జరిగిన ఒక హత్యను విచారించే ఎఫ్‌బీఐ అధికారి కథ అది. బొమ్మలు పాతకాలపువి, తుపాకి పేల్చడం ఒక యాతన, కారు నడపడం మరొక యాతన. అయితే ఆ ఊరి జనులలో ప్రతి ఒక్కరికీ ఒక దినచర్య ఉన్నది. నాయకుడు కారులో పోతూ కంటికి కనిపించని మిత్రునితో పాత సినిమాలను గురించి ముచ్చటిస్తాడు. ‘ఐజీఎన్’ దీనికి 10కి 2 వేసినది. ‘డిస్ట్రక్టాయిడ్’ 10కి 10 వేసినది. మెటాక్రిటిక్‌లో తేలిన అంకె 68. అది మధ్యమమన్న అభిప్రాయం ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు. అయినా లోకానికి అందిన తీర్పు మధ్యమం.

ఈ చిక్కును మన ఆలంకారికులు ఇంతకంటె ఓర్పుతో ఎదుర్కొన్నారు. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో కావ్యాన్ని మూడు తరగతులు చేసినప్పుడు మధ్యమమన్నది తక్కువ మార్కు కాదు, ఒక లక్షణం. వ్యంగ్యార్థం ఉన్నది గాని ప్రధానం కాక వాచ్యానికి లోబడినదని దాని అర్థం. అంతటితో విడువక, ఆ గుణీభూతవ్యంగ్యాన్ని పంచమోల్లాసంలో ఎనిమిది భేదాలుగా విడదీశాడు. వ్యంగ్యం మరీ తేటగా బయటపడినదా, మరీ మరుగున పడినదా, ఏది ప్రధానమో తేలక సందేహంలో నిలిచినదా, ఈ విధంగా. అనగా మధ్యమమని ఊరకొనక, ఎక్కడ జారినదో చూపించాడు. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు 17వ శతాబ్దంలో ‘రసగంగాధరం’ వ్రాస్తూ, మూడు తరగతులు చాలవని నాలుగు చేశాడు. ఆ మార్పుతో మమ్మటుని మధ్యమం ఉత్తమమైనది. దాని పైన ఉత్తమోత్తమం వెలసినది. కొలబద్దనే ప్రశ్నించే ధైర్యం అది. ఆటల విమర్శకులకు ఉన్నవి నూరు మెట్లు. చెప్పే భేదాలు మాత్రం రెండో మూడో.

భేదం చెప్పవలసిన ఆటకు ఉదాహరణ ‘నీర్’. ఇదీ 2010లోనిదే, దర్శకుడు యోకో తారో. మార్కులు 60లలోనే ఆగినవి. పోరాటం విసుగు పుట్టిస్తుంది, ఊరివారి పనులమీద పదే పదే తిరగవలసి వస్తుంది; విమర్శకులు చెప్పినవన్నీ ఉన్నవే. అయితే కథ ఒకసారి ముగిసిన పిదప మళ్లీ ఆడినవానికి అంతవరకు శత్రువులనుకొన్నవారి మాటలు అర్థం కాసాగుతవి. తాను చంపినది ఎవరినో అప్పుడు తెలుస్తుంది. చివరి ముగింపులో ఆటగాడు అన్ని గంటలు శ్రమించి దాచుకొన్న ఆటంతా చెరిగిపోతుంది. మొదటి ఆటలో విసుగుగొలిపిన పునరావృత్తియే రెండవ ఆటలో అర్థానికి ఆధారం. గడువుకు లోబడి వ్రాసేవానికి అంత తీరిక ఉండదు. ఒక విమర్శకుడైతే చేపలు పట్టే ఘట్టం దాటలేక, ఈ ఆటను సమీక్షింపనని ప్రకటించాడు. నవ్వుకొన్నవారు ఉన్నారు గాని, చూడనిదానికి మార్కు వేయకపోవడం సరియైన పనే. ఆ ‘నీర్’ వంశంలోనే 2017లో ‘నీర్: ఆటోమేటా’ వచ్చి ప్రపంచమంతటా మన్నన పొందినది. దానితో మొదటి ఆటను 2021లో మెరుగుదిద్ది మళ్లీ విడుదల చేశారు.

ఇంతమాత్రాన మధ్యమమైన ప్రతి ఆట అడుగునా ఒక మాణిక్యం దాగియున్నదని అనుకొనరాదు. ఆ వెర్రి కూడా ఈమధ్య బయలుదేరినది; నాడు 6 వచ్చినదంతా నేడు ‘గుర్తింపు నోచని అపూర్వసృష్టి’ అయి కూర్చున్నది. అదీ సోమరితనమే. నడిమి ఆటలలో పెక్కు నిజంగా నడిమివే. ఒక సాయంకాలం గడపడానికి పనికివస్తవి, మరునాటికి మరపునకు వస్తవి. ఆ మాటనైనా సూటిగా, నింద లేకుండా, పొగడ్త లేకుండా వ్రాయగలగడం ఒక విద్య. ‘సాయంకాలానికి చాలును’ అన్నది అవమానం కాని భాష ఆ విమర్శలో ఇంకా పుట్టలేదు.

అంకెను మానివేసి చూచినవారూ లేకపోలేదు. ఇంగ్లండులోని ‘యూరోగేమర్’ 2015లో మార్కులు ఎత్తివేసి, కొనదగినదా కాదా అనే మాటలతో సరిపెట్టినది. ఎనిమిదేండ్లు గడిచినవి. 2023లో నక్షత్రాల పద్ధతి తెచ్చినది. ఒకటి మొదలు ఐదు వరకు. ఐదింట మూడు సరిగా నడుమ పడుతుంది. మూడు నక్షత్రాల సమీక్షను చివరి వాక్యం వరకు చదివేవారి సంఖ్య ఈసారైనా పెరుగుతుందో లేదో ఆ పత్రికవారే చెప్పవలసియున్నది.