కూర్చోనివ్వని కౌంటర్లు

ఆమె సాక్స్ తీయగానే చీలమండ పైన ఎలాస్టిక్ అచ్చు కనిపించింది. బొటనవేలితో నొక్కితే గుంట పడింది, పూడటానికి చాలాసేపు పట్టింది. పిక్కల మీద నీలి నరాలు తాళ్లలా మెలితిరిగాయి. వయసు 26. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షోరూంలో చీరల సెక్షన్. పొద్దున పదింటికి నిలబడితే, రాత్రి ఎల్బీనగర్‌లో హయత్‌నగర్ బస్సెక్కి సీటు దొరికాకే కూర్చోవడం.

"మధ్యలో కాసేపు కూర్చోవచ్చుగా అమ్మా?"

"కూసుంటే సార్ ఊకోడు మేడమ్. కెమెరాల కనవడ్తది."

ఇలాంటి కాళ్లు నాకు కొత్త కాదు. ఇరవైల్లోనే ఇలా అయిపోవడం చూసి భయమేస్తోంది.

నడిచేటప్పుడు పిక్క కండరం రక్తాన్ని గుండెవైపు పిండి పంపుతుంది. ఒకేచోట నిలబడితే ఆ పంపు పనిచేయదు. రక్తం కిందే నిలిచి, సిరల్లోని కవాటాలు సడలిపోతాయి. డెన్మార్క్‌లో ఉద్యోగులను 12 ఏళ్లు గమనించారు. పని వేళలో ముప్పావు వంతు కాళ్ల మీదే గడిపే ఆడవాళ్లు వెరికోస్ వెయిన్స్‌తో ఆసుపత్రి పాలయ్యే ముప్పు మిగతావాళ్లకన్నా 1.8 రెట్లుంది. కెనడాలోని ఒంటారియోలో సుమారు 7,300 మందిని అన్నేళ్లే గమనిస్తే, ఎక్కువసేపు నిలబడి పనిచేసేవాళ్లకు గుండెజబ్బు ముప్పు కూర్చుని పనిచేసేవాళ్లకంటే దాదాపు రెట్టింపని తేలింది.

నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది. దుకాణాల్లో ఆ హక్కు కోసం కోళికోడ్ మిఠాయి వీధి సేల్స్ గర్ల్స్ ఏళ్ల తరబడి పోరాడితే కేరళ 2018లో చట్టం సవరించింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది.

కూర్చుంటే కస్టమర్‌కు మర్యాద తక్కువవుతుందంటారు యజమానులు. మన పాతకాలపు బట్టల కొట్లలో గుమస్తా తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునే చీర మడత విప్పేవాడు. బేరాలేమీ ఆగలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇంకొకటి. గంటగంటకూ అమ్మకాల లెక్క అడిగే ఫ్లోర్ మేనేజర్‌కు ఆ చీరల సెక్షన్ అమ్మాయి కాళ్ల సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు. భయమున్నచోట ఇలాంటివి పైకి రావు. 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ పరిశీలిస్తే, మంచి నాయకత్వమున్న నర్సుల బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివాళ్లు భయపడకుండా చెప్పుకోగలగడమే దానికి కారణమని ఆమె గుర్తించారు. కాళ్ల నొప్పే చెప్పుకోలేని అమ్మాయి, ఏ డిజైన్ ఎందుకు పోవట్లేదో, కస్టమర్ ఏం అడిగి వెళ్లిపోయిందో యజమానికెలా చెబుతుంది?

యజమానులకు నా విన్నపం: దసరా రద్దీకి ముందే కౌంటర్‌కు రెండు స్టూళ్లు వేయించండి. వాటి మీద కూర్చోవచ్చని మీ నోటితో మీరే చెప్పండి.