ఐదో కాంటూరు సరే, ఏ సున్నా నుంచి?

కొల్లేరు సరస్సు మాట వస్తే చాలు, హద్దుగా ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, కావాలనేవాళ్లు ఒకవైపు, మూడుకు తగ్గించాలనేవాళ్లు మరోవైపు. నీటిపారుదల పనుల్లో లెవెల్ యంత్రంతోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ వాదన విన్నప్పుడల్లా నేను అడిగేది ఒకటే: ఆ అడుగులు ఏ సున్నా నుంచి లెక్కపెట్టారు?

సముద్ర మట్టం నుంచి అంటారు. మన పాత రికార్డుల్లో ఉన్నది 1909లో ఖాయం చేసిన సముద్ర మట్టం. కరాచీ, బొంబాయి నుంచి మద్రాసు, విశాఖపట్నం దాకా తొమ్మిది చోట్ల ఆటుపోట్లు కొలిచి, అన్నిచోట్లా సగటు మట్టాన్ని సున్నాగా పట్టుకుని దేశమంతటి లెవెళ్లు సర్దారు. కానీ సముద్రం అన్ని తీరాల్లో ఒకే ఎత్తున ఉండదు. భూమ్యాకర్షణా చోటుచోటుకీ మారుతుంది. ఆనాటి సర్దుబాటులో దాని అసలు కొలతలు చేరలేదు. సర్వే ఆఫ్ ఇండియా తర్వాత తయారుచేసిన ‘ఐవీడీ 2009’ అనే కొత్త ఎత్తుల లెక్కలో వాటిని కలిపారు. అంటే కాలవ లాకుల దగ్గర బాణం గుర్తుతో కనిపించే పాత జీటీఎస్ బెంచ్‌మార్కు రాయికి ఇప్పుడు రెండు ఎత్తులు. ఆ రెంటి మధ్య తేడా కూడా అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. దేశమంతటికీ ఒకే అంకె తీసేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఇక ఉపగ్రహాల సాయంతో కొలిచే డీజీపీఎస్. అది చెప్పే ఎత్తు సముద్రం నుంచి కాదు, భూమికి లెక్క ప్రకారం గీసిన ఒక నున్నటి ఆకారం నుంచి. హైదరాబాద్‌లో ఆ ఎత్తుకూ సముద్ర మట్టం నుంచి లెక్కించే ఎత్తుకూ 70 మీటర్లకు పైనే తేడా. కొల్లేటి గట్టు మీద పెడితే మైనస్ అంకె చూపిస్తుంది. అంత పెద్ద తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది. నా భయమంతా జానెడు తేడా గురించే. రైన్ నది మీద లాఫెన్‌బుర్గ్ వంతెన కట్టేటప్పుడు జర్మనీ సున్నాకూ స్విట్జర్లాండ్ సున్నాకూ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజినీర్లకు ముందే తెలుసు. సవరించేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారై అది 54 సెంటీమీటర్లయింది.

కొల్లేటి చుట్టూ నేల పళ్లెంలా ఉంటుంది. కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలున్న చోట లెవెల్ 10 సెంటీమీటర్లు తప్పితే హద్దు అర కిలోమీటరు జరిగిపోతుంది. ఆ అర కిలోమీటరులో చెరువులుంటాయి, పట్టాలుంటాయి, బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు నీళ్లు నిలవాల్సిన చోటూ ఉంటుంది. 1999 ఉత్తర్వు ఐదో కాంటూరు దాకా అభయారణ్యమంది. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు తెంచారు. ఇంతమంది బతుకులు ఆధారపడిన అంకె పక్కన అది ఏ డేటమ్‌దో, అంటే ఏ సున్నా నుంచి కొలిచిందో, రాయకపోవడం అన్యాయం.

పని కొండంతేమీ కాదు. సరస్సు చుట్టూ మిగిలిన పాత బెంచ్‌మార్కులు వెతకాలి. డెల్టా ఒండ్రులో రాయి కుంగి ఉండవచ్చు కాబట్టి ఒక్కదాన్నే నమ్మకుండా పక్కవాటితో లెవెల్ కలిపి చూడాలి. నిలిచిన ప్రతి రాయికీ పాత ఎత్తు, కొత్త ఎత్తు, తేడా పట్టికగా రాసి, సరిహద్దు రాళ్లు పాతకముందే లంక గ్రామాల పంచాయతీ ఆఫీసుల్లో తెలుగులో అంటించాలి. అభ్యంతరం ఉన్న రైతు తన సర్వేయరును తెచ్చుకుని అదే రాయి మీద లెవెల్ కొలిచే స్టాఫ్ కర్ర పెట్టి సరిచూసుకునే వీలుండాలి.